కంపెనీ దారి మారితే మన పొలానికేంటి?

చైనాలో సిచువాన్ అని ఒక రాష్ట్రం ఉంది. అక్కడి రైతులు చిలగడదుంప, అంటే మన అనంతపురం వైపు చెప్పుకునే గెనుసుగడ్డ, బాగా పండిస్తారు. 1996లో అక్కడి రైతు ఒకాయన బట్టలుతికే మిషన్ కొని, కొద్ది రోజులకే కంపెనీకి ఫిర్యాదు చేశాడు. నీళ్లు పోయే గొట్టం అస్తమానం పూడుకుపోతోందని. కంపెనీ మనిషి వెళ్లి విప్పి చూస్తే లోపలంతా మట్టే. సంగతేమంటే ఆ రైతు అందులో బట్టలతోపాటు గడ్డలు కూడా కడుగుతున్నాడు!

మన దగ్గరైతే ఏమంటారు? "బట్టల మిషన్లో గడ్డలేస్తే పాడైపోదా? గ్యారంటీ లేదు పో" అంటారు. ఆ కంపెనీ అలా అనలేదు. ముందు గొట్టం వెడల్పు చేసి ఇచ్చింది. తర్వాత ఇంజనీర్లను కూర్చోబెట్టి, గడ్డలు కూడా కడిగే మిషన్ తయారు చేయించి 1998లో అమ్మకానికి పెట్టింది. దాని పేరు హైయర్. అదే కంపెనీ ఒకప్పుడు దివాలాకు దగ్గరగా ఉన్న ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ. 1985లో దాని అధికారి జాంగ్ రుయ్‌మిన్ లోపాలున్న 76 ఫ్రిజ్‌లను వరసగా పెట్టించి, పనివాళ్ల చేతనే సుత్తులతో పగలగొట్టించాడు. ఆ రోజుల్లో చైనాలో ఫ్రిజ్ అంటే సామాన్యుడికి అందని వస్తువు. అయినా సరే, చెడ్డ సరుకు గేటు దాటకూడదన్నాడు. 2016 నాటికి ఆ కంపెనీ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ వారి ఇంటి సామాన్ల వ్యాపారాన్నే కొనేసింది.

ఈ వారం పురుగులు, తెగుళ్ల పాఠం కాదు, కంపెనీల పాఠం. రైతు పేజీలో కంపెనీల గోల ఎందుకంటారేమో. ఒక్కసారి లెక్క వేసుకోండి. విత్తనం కంపెనీదే. ఎరువు, మందు, ట్రాక్టరు, మోటారు, డ్రిప్పు అన్నీ కంపెనీలవే. కొన్ని పంటలైతే చివరికి కొనేదీ కంపెనీయే. మన పెట్టుబడిలో పెద్ద భాగం వాటి చేతుల్లోకి పోతోంది. ఆకు మీద మచ్చ చూసి తెగులు పేరు చెప్పగలిగిన రైతు, తను నమ్ముకున్న కంపెనీ ఎందుకు పుట్టింది, ఎలా బతుకుతోంది, రేపు ఎటు తిరగబోతోంది అన్నది మాత్రం పట్టించుకోడు. అది తిరిగినప్పుడు దెబ్బ తగిలేది మనకే.

నాకు తగిలిన దెబ్బ

రెండెకరాల చీనీ తోటకు కొన్నేళ్ల కింద డ్రిప్పు వేయించాను. కంపెనీ పేరు ఎందుకులెండి. వేసేటప్పుడు నలుగురు వచ్చారు, కొలతలు తీశారు, ఫోటో కూడా పట్టారు. రెండేళ్లు బాగానే నడిచింది. మూడో ఏడు మార్చి నెలలో శాండ్ ఫిల్టర్ వాల్వు చెడింది. డీలరు దగ్గరికి పోతే దుకాణం మూసి ఉంది. ఆ కంపెనీ మన జిల్లా నుంచే తప్పుకుందని అప్పుడు తెలిసింది. వాల్వు సైజు వేరే కంపెనీ సామానుకు కలవదు. ఫిల్టర్ లేకుండా బోరు నీళ్లు వదిలితే డ్రిప్పర్లు పూడుకుపోతాయి, వదలకపోతే చెట్లు ఎండుతాయి. చివరికి ధర్మవరంలో లేత్ మిషన్ మేస్త్రీ చేత ఒక ముక్క కడియించి బిగించుకున్నాను. అప్పటికి నెలన్నర గడిచింది. నలభై చెట్లు పోయాయి. పోయిన చీనీ చెట్టు స్థానంలో మళ్లీ కాపు రావాలంటే ఎన్నేళ్లో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ కంపెనీ చెడ్డది అని నేను అనను. దాని దారి మారింది, అంతే. మారబోతోందన్న సూచనలు ముందే కనిపించాయి. నేనే చూసుకోలేదు. ఆ సూచనలు ఎలా చూడాలో తెలియడానికి ఒక పెద్ద కంపెనీ కథ తీసుకుందాం. డ్రిప్పు అనగానే మన రైతులకు తెలిసిన పేరే అది, జైన్ ఇరిగేషన్. దాని మంచిచెడ్డలు రెండూ బహిరంగంగా ఉన్నవే కాబట్టి పాఠానికి బాగా పనికొస్తుంది.

కిరోసిన్ బండి నుంచి బొప్పాయి పాల దాకా

మహారాష్ట్రలో జల్‌గావ్ జిల్లా ఉంది. పత్తికి, అరటికి పెట్టింది పేరు. అక్కడ వాకోద్ అనే ఊళ్లో 1937లో భవర్‌లాల్ జైన్ పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. బొంబాయిలో కామర్స్, లా చదివాడు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చే అవకాశం ఉన్నా వదులుకుని, 1963లో ఇంటిల్లిపాదీ దాచుకున్న రూ.7,000తో కిరోసిన్ వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత ఒక్కొక్కటే ట్రాక్టర్లు, ఎరువులు, విత్తనాలు, పైపుల ఏజెన్సీలు తీసుకున్నాడు. అంటే మన మండల కేంద్రంలో కనిపించే ఎరువుల దుకాణం షావుకారు లాంటివాడే అన్నమాట. కాకపోతే కౌంటరు వెనక కూర్చున్నవాడికి ఒక సౌకర్యం ఉంటుంది. రైతు ఏది అడుగుతాడు, ఏది కొన్నాక తిట్టుకుంటూ తిరిగి తెస్తాడు, ఏ నెలలో చేతిలో డబ్బు ఉండదు అన్నీ కళ్లకు కడతాయి.

1978లో ఆయన చేసిన పని చూడండి. మూతపడిన అరటిపొడి ఫ్యాక్టరీ ఒకటి వేలానికి వస్తే రూ.30 లక్షలకు కొన్నాడు. ఆ రోజుల్లో ముప్ఫై లక్షలంటే మాటలు కాదు. కొన్నాక తెలిసిందేమిటంటే, అరటిపొడికి గిరాకీ లేదు. గిరాకీ లేకనే కదా అంతకుముందువాళ్లు మూసుకుంది! మరొకరైతే యంత్రాలు పాత ఇనుముకు అమ్ముకునేవారు. ఆయన మాత్రం ఈ యంత్రాలతో ఇంకేం చేయొచ్చు అని ఆలోచించాడు. పచ్చి బొప్పాయి కాయకు గాటు పెడితే పాలు కారతాయి. ఆ పాల నుంచి పపెయిన్ అనే పదార్థం తీస్తారు. మందుల కంపెనీలకు, మాంసం మెత్తబరచడానికి, బీరు తయారీకి అది కావాలి. అరటిపొడి యంత్రాలను కొంచెం మార్చి, చుట్టుపక్కల రైతుల చేత బొప్పాయి వేయించి, పాలు కొని, శుద్ధి చేసి విదేశాలకు పంపడం మొదలుపెట్టాడు.

ఇక్కడ రైతు గమనించాల్సింది ఒకటుంది. కొత్తదనం అంటే ఎవరూ కనిపెట్టనిది కనిపెట్టడమే కానక్కర్లేదు. పపెయిన్ ఆయన కనిపెట్టింది కాదు. ఉన్న యంత్రం, ఉన్న భూమి, ఉన్న రైతులు, ఎక్కడో దూరాన ఉన్న గిరాకీ, ఈ నాలుగింటినీ ముడివేయడమే ఆయన చేసింది. మన ఊళ్లలో చింతపండు, సీతాఫలం, మునగాకు విషయంలో ఆ ముడి వేసేవాడు లేకనే కారుచౌకగా అమ్ముకుంటున్నాం.

పైపు అమ్మితే సరిపోలేదు

1980లో పీవీసీ పైపుల తయారీ పెట్టాడు. బావి దగ్గర నుంచి పొలానికి కాలవ తవ్వితే సగం నీళ్లు దారిలోనే ఇంకిపోతాయి. పైపు వేస్తే ఆ బాధ లేదు. రైతులు కొన్నారు, వ్యాపారం పెరిగింది. 1986లో ఇప్పుడున్న కంపెనీ ఏర్పడింది. ఆ తర్వాతే డ్రిప్పు వచ్చింది.

డ్రిప్పు పుట్టినిల్లు ఇజ్రాయెల్ అని అందరికీ తెలుసు. అక్కడ 1965లో హత్జెరిమ్ అనే సామూహిక వ్యవసాయ గ్రామంలో నెటాఫిమ్ కంపెనీ మొదలైంది. మన దేశంలో కూడా అంతకుముందు కొందరు డ్రిప్పు అమ్మి చూశారు గానీ నిలబడలేదు. ఎందుకని? అమ్మినవాళ్లు పైపులు, డ్రిప్పర్లు అప్పజెప్పి వెళ్లిపోయారు. రైతుకు ఏ పంటకు ఎంతసేపు వదలాలో తెలియదు. పూడుకుపోతే ఏం చేయాలో తెలియదు. ఎలుక కొరికితే అతుకు వేయడం రాదు. ఒక ఏడాది చూసి చుట్టి పక్కన పారేశాడు. పైగా విదేశీ సామాను పెద్ద పెద్ద కమతాలకు, ఎక్కువ ఒత్తిడికి తగ్గట్టు చేసినది. అరెకరా, ఎకరా మడికి అది గుర్రానికి ఏనుగు జీను వేసినట్టు.

జైన్ కంపెనీ మార్చింది ఇక్కడే. సామాను కాదు, ఏర్పాటు అమ్మింది. ముందు పొలం కొలవడం, మట్టి, నీళ్లు చూడటం, బోరు ఎంత పోస్తుందో లెక్క కట్టడం, దానికి తగ్గట్టు ప్లాను గీయడం, బిగించడం, తర్వాత వ్యవసాయ శాస్త్రం చదివిన కుర్రాళ్లను పొలానికి పంపడం. సొంత పొలంలో ముందు చేసి చూపించి, రైతులను బస్సుల్లో తీసుకొచ్చి చూపించింది. ఎంత చెప్పినా వినని రైతు, పక్క రైతు పొలం చూస్తే వింటాడని మనకు తెలిసిందే కదా.

తర్వాత ఇంకో అడుగు వేసింది. 1990ల్లో టిష్యూకల్చర్ అరటి మొక్కలు తెచ్చింది. గ్రాండ్ నైన్ రకం, మన రైతులు జి-9 అనే పిలుస్తారు. అప్పటిదాకా జల్‌గావ్ రైతులు పిలకలు నాటేవారు. పంట చేతికి రావడానికి పద్దెనిమిది నెలలు పట్టేది. ఒక చెట్టు గెల వేస్తే పక్క చెట్టు ఇంకా పిల్లగానే ఉండేది. టిష్యూకల్చర్ మొక్క, డ్రిప్పు, డ్రిప్పు ద్వారా ఎరువు, ఈ మూడూ కలిస్తే పదకొండు, పన్నెండు నెలల్లోనే తోట మొత్తం ఇంచుమించు ఒకేసారి కోతకు వచ్చింది. ఒకేసారి కోతకు వస్తేనే లారీ నిండుతుంది, లారీ నిండితేనే దూరపు మార్కెట్ దొరుకుతుంది. ఇవాళ కడప, అనంతపురం జిల్లాల్లో ఉన్న అరటి తోటలు చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై నౌకాశ్రయానికి అరటిపండ్లతో ప్రత్యేక రైలు వెళ్లిందంటే దానికి మూలం ఒకే సైజు, ఒకే కోత.

ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. ఊరంతా ఒకే రకం వేస్తే తెగులు కూడా ఊరంతా ఒకేసారి వస్తుంది. బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో జి-9 తోటలకు టిఆర్-4 అనే పనామా ఎండు తెగులు సోకింది. అది మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది, మందుకు లొంగదు. నర్సరీ ఎక్కడిది, మొక్క తెగులు పరీక్ష చేసిందేనా అని అడగకుండా మొక్క కొనకండి. అమ్మేవాడు విసుక్కున్నా అడగండి.

ఉల్లిగడ్డ లెక్క

ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చింది ఉల్లి సంగతి. చిన్న రైతుకు నేరుగా పనికొచ్చేది కూడా ఇదే.

ఉల్లిని ఎండబెట్టి, పొడి చేసి విదేశాలకు పంపాలని కంపెనీ అనుకుంది. ఫ్యాక్టరీ పెట్టింది. కానీ బజారులో దొరికే ఉల్లిలో నీరు ఎక్కువ. లెక్క చూడండి. నూరు కిలోల గడ్డలో పన్నెండు కిలోలే గట్టి పదార్థం ఉంటే, కిలో పొడికి సుమారు ఎనిమిది కిలోల ఉల్లి కావాలి. అదే పదహారు కిలోలు ఉంటే ఆరు కిలోల పైచిలుకు చాలు. ఆ మిగిలిన రెండు కిలోలు కొనే ఖర్చు, మోసే ఖర్చు, ఆ నీరు ఆవిరి చేయడానికి కాల్చే ఇంధనం ఖర్చు, అన్నీ మిగులు. అందుకని గట్టి పదార్థం ఎక్కువుండే తెల్ల ఉల్లి రకం ఎంపిక చేసి, జైన్ వి-12 అని పేరు పెట్టి, రైతులకు విత్తనం ఇచ్చి, పంట తనే కొంటానని ఒప్పందం రాసుకుంది.

ఒప్పందంలో కిటుకు ఏమిటంటే ధర. నాటు వేయకముందే కనీస ధర ఇంత అని చెప్పేసేది. బజారు ధర అంతకంటే పడిపోయినా ఆ కనీస ధర ఇస్తుంది. బజారు ధర పెరిగితే దానికి దగ్గరగా ఇస్తుంది. ఉల్లి ధర ఆకాశానికి పోయిన ఏడు రైతు కాస్త నష్టపోయినట్టు అనిపిస్తుంది. రోడ్డు మీద పారబోసే ఏడు మాత్రం బతికిపోతాడు. కర్నూలు ఉల్లి రైతును అడగండి, ఈ రెండో మాట విలువ ఆయనకు తెలుసు.

మరి కంపెనీలన్నీ ఇలా ఒప్పందం రాసుకుంటే మంచిదేనా? పంటను బట్టి ఉంటుంది. కుప్పం వైపు రైతులు ఘెర్కిన్ దోస వేస్తారు. సీసాల్లో ఊరబెట్టి విదేశాలకు పంపే చిన్న దోసకాయ అది. ఆ కాయకు మన సంతలో అడిగే నాథుడు లేడు. కంపెనీ "సైజు దాటింది, వద్దు" అంటే గేదెలకు వేయాల్సిందే. మామిడి అలా కాదు. చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి, జైన్ కంపెనీది కూడా అందులో ఉంది. తోతాపురి రైతు ఈ ఫ్యాక్టరీ కాకపోతే ఇంకో ఫ్యాక్టరీకి పోతాడు. అందరూ కూడబలుక్కుని ధర తగ్గిస్తే మాత్రం అక్కడా ఇబ్బందే, అది వేరే కథ. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ కంపెనీ వద్దంటే ఈ పంట ఇంకెక్కడైనా అమ్ముడుపోతుందా? పోదు అన్న జవాబు వస్తే ఉన్న భూమిలో నాలుగో వంతు కంటే ఎక్కువ అందులో పెట్టకండి. ఇది ఎవరో శాస్త్రవేత్త చెప్పిన లెక్క కాదు, నేను చెప్తున్న మాట.

దారి తప్పిన రోజులు

ఇంత తెలివైన కంపెనీ కూడా తప్పులు చేసింది. 1990ల్లో దేశమంతా కొత్త వ్యాపారాల గాలి వీచింది. చేతిలో డబ్బు, బయట పేరు ఉన్నాయి కదా అని కంపెనీ ఫైనాన్సు, గ్రానైటు, కంప్యూటర్ల వ్యాపారాల్లో వేలు పెట్టింది. ఏదీ అచ్చిరాలేదు. అప్పులు పేరుకున్నాయి. భవర్‌లాల్ జైన్ తన తప్పు ఒప్పుకుని వాటాదారులకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. అలా చెప్పుకున్న పెద్ద వ్యాపారులు మన దేశంలో ఎంతమంది ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వ్యాపారాలు వదిలించుకుని, 2002లో ఒక అమెరికా పెట్టుబడి సంస్థ సాయంతో అప్పులు సర్దుకుని, మళ్లీ పొలం దగ్గరికే వచ్చారు.

వేరుశనగలో నష్టం వచ్చిందని తెలియని వ్యాపారంలో దిగి, ఉన్న రెండెకరాలు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. దారి మార్చుకోవడం వేరు, దారి తప్పడం వేరు. అరటిపొడి నుంచి పపెయిన్‌కు, పైపు నుంచి డ్రిప్పుకు, డ్రిప్పు నుంచి మొక్కకు పోయిన ప్రతిసారీ పాత అనుభవం కొత్త పనికి పనికొచ్చింది. గ్రానైటుకు పోయినప్పుడు ఏదీ పనికిరాలేదు.

సబ్సిడీ బాకీ చుట్టుకున్న తీరు

2003 నవంబరులో మన ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్యం పథకం వచ్చింది. డ్రిప్పు ఖర్చులో పెద్ద భాగం ప్రభుత్వం భరిస్తుంది, రైతు తన వాటా కడితే చాలు. జైన్‌తోపాటు చాలా కంపెనీలు దిగాయి. జైన్ అప్పటి నల్గొండ జిల్లా కొండమడుగులో పైపుల ఫ్యాక్టరీ కూడా పెట్టింది. మన చీనీ, దానిమ్మ, అరటి తోటలు డ్రిప్పు మీద నిలబడ్డాయంటే ఈ పథకం చలవే. దాంట్లో అనుమానం లేదు.

కానీ డబ్బు నడిచే తీరు చూడండి. రైతు తన వాటా ముందే కడతాడు. కంపెనీ సామాను బిగిస్తుంది. అధికారులు తనిఖీ చేసి కాగితం పంపుతారు. ఆ తర్వాత ఎప్పుడో ప్రభుత్వం నుంచి సబ్సిడీ సొమ్ము కంపెనీకి చేరుతుంది. ఆ "ఎప్పుడో" అన్నదే అసలు చిక్కు. లెక్క కోసం అనుకుందాం, ఎకరాకు ఖర్చు రూ.50 వేలు, అందులో సబ్సిడీ రూ.45 వేలు. కంపెనీ పదివేల ఎకరాలు బిగిస్తే రావాల్సిన బాకీ రూ.45 కోట్లు. అది ఏడాది ఆలస్యమైతే, బ్యాంకు వడ్డీ నూటికి పన్నెండు చొప్పున రూ.5 కోట్ల 40 లక్షలు వడ్డీకే పోయింది. అమ్మకాలు ఎంత పెరిగితే బాకీ అంత పెరుగుతుంది. పుస్తకంలో లాభం, గల్లాపెట్టెలో సున్నా. టమోటా మండీకి అరువు మీద వేసి, పట్టీ డబ్బు కోసం నెలల తరబడి తిరిగిన రైతుకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

కంపెనీ దారులు వెతికింది. రైతులకు అప్పులిచ్చే ఫైనాన్సు సంస్థ ఒకటి పెట్టింది. డీలర్ల ద్వారా నగదు అమ్మకాలు పెంచాలని చూసింది. రైతు రైతుకూ విడివిడిగా కాకుండా, ఊళ్లకు ఊళ్లే కలిపి ఏటి నీటిని పైపుల్లో పొలం దాకా తెచ్చే పెద్ద ప్రాజెక్టులు పట్టుకుంది. కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా రామ్‌థాల్ దగ్గర సుమారు 24 వేల హెక్టార్ల డ్రిప్పు పథకంలో ఒక భాగం ఈ కంపెనీ, ఇంకో భాగం నెటాఫిమ్ చేశాయి. ఆలోచన గొప్పదే. అయితే వాటికి కూడా డబ్బు ఇవ్వాల్సింది ప్రభుత్వాలే. ఒక నూతిలోంచి తప్పించుకుని అదే ఊటున్న ఇంకో నూతిలో కాలు పెట్టినట్టయింది. దానికి తోడు 2006 నుంచి అమెరికా, ఇజ్రాయెల్ వంటి దేశాల్లో కంపెనీలను కొనుక్కుంటూ పోయింది. ఇజ్రాయెల్‌లోని నాన్‌డాన్ కంపెనీలో 2007లో సగం వాటా, తర్వాత మొత్తం కొన్నది. డ్రిప్పు పుట్టిన దేశంలోనే డ్రిప్పు కంపెనీ కొనడం గర్వించదగ్గ సంగతే. కాకపోతే అప్పు మీద కొన్న గర్వం.

2016 ఫిబ్రవరిలో భవర్‌లాల్ జైన్ చనిపోయాడు. 2019లో కంపెనీ అప్పుల వాయిదాలు కట్టలేకపోయింది. షేరు ధర కుప్పకూలింది. 2022 మార్చిలో బ్యాంకులతో ఒప్పందం కుదిరింది. 2023 మార్చిలో విదేశాల్లో ఉన్న డ్రిప్పు వ్యాపారాన్ని రివులిస్ అనే కంపెనీలో కలిపేసి, అప్పు భారం తగ్గించుకుంది. కలిసిన కంపెనీలో పెద్ద వాటా సింగపూర్‌కు చెందిన టెమాసెక్ సంస్థది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్నది వదులుకుంటేనే ఇల్లు నిలబడింది. జల్‌గావ్‌లో కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

మరి మనం చూసుకోవాల్సింది

కంపెనీల లెక్కల పుస్తకాలు మనం చదవలేం, చదవక్కర్లేదు. ఊళ్లో కనిపించే గుర్తులు చాలు. ఎప్పుడూ వచ్చే ఫీల్డు కుర్రాడు ఆరు నెలల్లో మూడుసార్లు మారితే ఏదో తేడా ఉన్నట్టు. డీలరు ఆ కంపెనీ సామాను తగ్గించి పక్క కంపెనీది ఎక్కువ పెడుతున్నాడంటే, వాడికి సరుకైనా అందట్లేదు, కమీషనైనా అందట్లేదు. పంట కొనే కంపెనీ గతేడు పది రోజుల్లో ఇచ్చిన డబ్బు ఈ ఏడు నలభై రోజులైనా ఇవ్వలేదంటే, మూడో కోత తోలకముందు ఆలోచించుకోవాలి. నా డ్రిప్పు కంపెనీ పోయే ముందు ఈ మొదటి రెండు గుర్తులూ కనిపించాయి. కుర్రాడు మారాడు, డీలరు గొణిగాడు. నేను తోటలో పని ఉందని పట్టించుకోలేదు.

కొనేటప్పుడే కొన్ని జాగ్రత్తలు పడొచ్చు. డ్రిప్పు లేటరల్ పైపుకు ఐఎస్ 12786, డ్రిప్పర్లకు ఐఎస్ 13487, పైపులోనే డ్రిప్పరు కలిసి ఉండే ఇన్‌లైన్ రకానికి ఐఎస్ 13488 అని భారతీయ ప్రమాణాల నంబర్లు ఉన్నాయి. పైపు మీద ఐఎస్ఐ ముద్ర, దాని పైన నంబరు అచ్చై ఉంటుంది, చూసుకోండి. 16 ఎం.ఎం. లాంటి మామూలు సైజులే అడగండి. అప్పుడు ఒక కంపెనీ పోయినా ఇంకో కంపెనీ జాయింట్లు పడతాయి. వింత సైజు ఫిల్టరు చౌకగా వస్తోందని తీసుకుంటే నాలాగే లేత్ మేస్త్రీ దగ్గర నిలబడాల్సి వస్తుంది. సబ్సిడీ శాతాలు ఏటేటా, కులాన్ని బట్టి, భూమిని బట్టి మారుతుంటాయి కాబట్టి, డీలరు మాట మీద పోకుండా మండలంలోని ఉద్యాన అధికారిని గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ అడిగి మీ వాటా ఎంతో తెలుసుకున్నాకే డీడీ తీయండి.

ఒంటరి రైతు కంపెనీని ఏమీ అడగలేడు. యాభై ఎకరాల డ్రిప్పు ఒక్కచోట ఉంటే మాత్రం ఏ కంపెనీ అయినా మెకానిక్‌ను పంపుతుంది. 2002లో వచ్చిన చట్ట సవరణ ప్రకారం కనీసం పదిమంది రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. అందరూ చెప్పే ఎఫ్‌పీఓలలో చాలా వరకు ఇవే. చాలా ఊళ్లలో బోర్డు కట్టి ఎరువులు అమ్మడంతోనే అవి ఆగిపోయాయి, అది నిజం. అయినా ఊరికో ఫిల్టరు విడిభాగాల పెట్టె, నేర్చుకున్న కుర్రాడు ఒకడు, ఒకే కంపెనీతో మూడేళ్ల మరమ్మతు ఒప్పందం, ఈ మాత్రం పనికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. గెనుసుగడ్డ రైతు మొరపెట్టుకుంటేనే కదా హైయర్ గొట్టం వెడల్పు చేసింది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, డ్రిప్పర్లు తెల్లగా పేరుకుపోతాయి. ఈ సంగతి పదిమంది కలిసి కంపెనీకి కాగితం మీద రాసి ఇచ్చిన ఊరు మన జిల్లాలో ఉంటే, ఈ పేజీకి ఉత్తరం రాయండి, దానికి ఏం జవాబొచ్చిందో తెలుసుకోవాలని ఉంది.

ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. తోటలో డ్రిప్పు ఉన్నవాళ్లు ఫిల్టరు మీద ఉన్న కంపెనీ పేరు, మోడలు, వాల్వు కొలత, లేటరల్ సైజు, బిగించిన తేదీ, బిల్లు నంబరు ఒక అట్ట మీద పెద్దక్షరాలతో రాసి స్టార్టరు పెట్టె తలుపు లోపలి వైపు అంటించండి. బిల్లును, గ్యారంటీ కాగితాన్ని పాస్‌బుక్కుతోపాటే ఒక పాలిథిన్ కవరులో దాచండి. రబ్బరు వాషర్లు రెండు జతలు, ఫిల్టరు జాలి ఒకటి ఎండాకాలానికి ముందే కొని ఇంట్లో పెట్టుకోండి. మార్చి నెలలో ఆ ముక్క కోసం ధర్మవరం బస్సెక్కితే రోజు కూలీ, బస్సు ఛార్జీ పోగా, ఆ రోజు నీళ్లు కూడా పోతాయి.